నల్లమిట్టపాలెం గుడి మీద మంచు

నల్లమిట్టపాలెంలో మాఘమాసం వెళ్లకముందే తలుపు గొళ్లెం చెయ్యి కాలుస్తుంది. మధ్యాహ్నం పూట కుక్కకు మొరగాలనిపిస్తే ముందు నీడ వెతుక్కుని, ఆ తర్వాత మొరుగుతుంది. అలాంటి ఊళ్లో, గుడి కప్పు మీద పేరుకున్న మంచును తొలగించినట్టు ధ్రువపత్రం చూపిస్తేనే లోపల పెళ్లి జరగనిస్తామన్నారు సర్కారువారు. ఆ పెళ్లి, ఊరంతా గంట జోజప్ప అని పిలిచే మనిషిది. పాపం, మనిషి యాభై దాటాక పెళ్లికొడుకు కాబోతున్నాడు.

జోజప్పకు వేరే ఇంటిపేరు ఉండేది గాని, గుడి గంట తాడు తండ్రి చేతుల్లోంచి అతడి చేతుల్లోకి వచ్చిన రోజునే జనం దాన్ని మరిచిపోయారు. ఊళ్లో ఎవరు పెళ్లాడినా, ఎవరు పోయినా ఆ కబురు ముందుగా జోజప్ప చేతుల్లోంచే బయటికి రావాలి. ఇంతమంది పెళ్లిళ్లకు గంట కొట్టినవాడికి తన పెళ్లి మాత్రం కుదరలేదు. కారణం ఆరోగ్యమ్మ. మొగుడు పోయిన మనిషి. నాలుగెకరాల పత్తి చేను, ఒక జత ఎడ్లు, ఎదుటివాణ్ణి నిలబెట్టి కడిగేసే నోరు, ఇవీ ఆమె ఆస్తులు. జోజప్ప ప్రతి క్రిస్మసుకూ వెళ్లి అడిగేవాడు. ఆమె ప్రతి క్రిస్మసుకూ "సూద్దాంలే" అనేది. ఈ క్రిస్మసుకు "సరే" అంది. జోజప్ప ఆ సంతోషంలో వేళకాని వేళ గంట కొట్టేస్తే, ఎవరో పోయారనుకుని సగం ఊరు గుడి ముందుకు వచ్చి నిలబడింది.

"అయితే ఒక మాట," అంది ఆరోగ్యమ్మ. "నా మొదటి పెళ్లికి మేత్రాణులు, అదే బిషప్పుగారు, వస్తన్నారని గుడికి సున్నాలేస్తా, నా పెళ్లి ఫాదరుగారి వసారాలో కానిచ్చారు. పక్కన చీపుర్లూ, సున్నం డబ్బాలూ. ఈసారి గుడి నడిమధ్యన నడుచుకుంటా పోవాల నేను. గంట మోగాల. అదీ బూడిద బుధవారం లోపల. ఆ తర్వాత తపస్సు కాలం, పెళ్లిళ్లుండవు. ఈస్టరు దాకా ఆగావంటే నా బుద్ధి మారిపోద్ది, ముందే చెప్తన్నా."

ఆరోగ్యమ్మ బుద్ధి మారితే దాన్ని వెనక్కి తిప్పే మొనగాడు ఆ మండలంలో ఇంకా పుట్టలేదు. ఆ సంగతి జోజప్పకు బాగా తెలుసు.

ఇక గుడి సంగతి. అర్చ్యశిష్ట అంతోనివారి గుడి, ఇంగ్లీషులో చెప్పాలంటే సెయింట్ ఆంథోనీ చర్చి. దాన్ని కట్టించినాయన సముద్రాల అవతల ఏదో చలిదేశం నుంచి వచ్చిన గురువు. అసలు పేరు నోరు తిరక్క ఊరు ఆయన్ను పెద్దగడ్డం సాములారు అనేది. ఆయన జపమాలతోపాటు తన ఊరి గుడి బొమ్మ ఒకటి జేబులో పెట్టుకు తిరిగేవాడు. మేస్త్రీలను పిలిచి, "ఇది కట్టండి," అన్నాడు. "ఇలాంటిది" అనలేదు. "ఇది" అన్నాడు. అంతవరకు ఆ మేస్త్రీలు కట్టినవి బావులూ, ధాన్యం కొట్లూ. అయినా బెల్లం నీళ్లూ కరక్కాయ నీళ్లూ పోసి గానుగలో సున్నం నూరి, బొమ్మలో ఉన్నది ఉన్నట్టు లేపారు. చేతులు జోడించినట్టు పైన మొన తేలిన వంపులు పెట్టారు. గోడలకు బయటినుంచి ఊతగోడలు పెట్టమంటే మాత్రం, "మా గోడ మీద నమ్మకం లేదా మీకు?" అని అలిగి పని మానేశారు. సాములారు వాళ్ల ఇళ్లకు వెళ్లి బతిమాలుకుని పిలుచుకొచ్చాడు. కప్పు అంచున వాననీళ్లు పోయే తూములకు సాతాను భయపడేటంత భయంకరమైన ముఖాలు చెక్కమన్నాడు. మేస్త్రీలు సాతానును చూసినవాళ్లు కారు. శిస్తు వసూలుకు వచ్చే అమీనును చూసినవాళ్లు. ఇప్పటికీ వాన వస్తే తలపాగా పెట్టుకున్న ఎనిమిదిమంది అమీన్లు వరసగా నిలబడి నీళ్లు కక్కుతుంటారు.

కప్పు దగ్గరే చిన్న మాట వచ్చింది. అంత ఏటవాలు కప్పు మేస్త్రీలు ఎన్నడూ చూడలేదు. కోతి ఎక్కితే జారి కిందపడేటట్టుంది.

"ఇంత వాలెందుకు సామీ?" అని అడిగారు.

"మంచు జారిపోవాలి."

"ఈడ మంచు పడదు గద సామీ."

సాములారు బొమ్మలోంచి తల ఎత్తకుండానే, "దేవుడి చిత్తం నీకేం తెలుసు?" అన్నాడు. ఆ మాట ఊళ్లో నిలిచిపోయింది. అప్పటినుంచీ నల్లమిట్టపాలెంలో ఎవరైనా పనికిమాలిన పని శ్రద్ధగా చేస్తుంటే, "ఏందిరా, మంచు జారాలా?" అంటారు.

ఇన్నాళ్లూ ఆ కప్పు జోలికి ఎవరూ పోలేదు. పోయినేడు పైన ఎక్కడో ఒక పెద్దాయన విదేశీ పర్యటనకు వెళ్లి, అక్కడి పాత గుళ్లు చూసి కరిగిపోయి వచ్చాడు. వచ్చినవాడు ఊరుకోవచ్చు గదా! శైలీ కట్టడాల పరిరక్షణ మండలి అని ఒకటి పుట్టించాడు. మొనతేలిన వంపులూ ఏటవాలు కప్పూ ఉన్నదాన్ని గోతిక్ శైలి అంటారని, అది తమ ఊళ్లో ఉందని నల్లమిట్టపాలెం వాళ్లకు అప్పుడే తెలిసింది. గుడి ముందు నీలం బోర్డు పాతారు. ఊరంతా బూందీ పంచుకుంది. ఆ వెనకాలే చలిదేశం వాళ్ల మరమ్మతుల గ్రంథం ఒకటి తెలుగులోకి దింపి, అక్షరం పొల్లుపోకుండా అమలు చేయమని ఉత్తర్వు వచ్చింది. అందులో తొమ్మిదో అధ్యాయం మంచు. అధ్యాయం ఉంది కాబట్టి దానికొక విభాగం, విభాగం ఉంది కాబట్టి దానికొక ఉపసంచాలకుడు. ఆయన పేరు భూషణరావు. విభాగానికి మంజూరైన ఉన్నికోటు ఎండలో కూడా విప్పేవాడు కాడు. మంజూరైన వస్తువును వాడకపోతే ఆడిట్ వాళ్లు పట్టుకుంటారట. మనిషి చెడ్డవాడని ఎవరూ అనలేదు. ఉడికిపోతున్నాడు, అంతే.

గుడిని చూసుకునే విచారణ గురువు ఫాదర్ బెన్నయ్య వయసులో చిన్నవాడు, భయస్తుడు. మా ఊళ్లో మంచు పడదని వినయంగా రాసి పంపి, ఆ సంగతి ఇక ముగిసిందనుకున్నాడు.

కతోలికుల్లో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు పూజలో పేర్లు చదువుతారు. ఎవరికైనా అడ్డంకి తెలిస్తే అప్పుడే చెప్పాలి. మొదటి రెండు ఆదివారాలు ఒకరిద్దరు దగ్గారు. మూడో ఆదివారం ఫాదరుగారు, "జోజప్పకు, ఆరోగ్యమ్మకు జరగబోయే వివాహమునకు ఆటంకమేదైనా ఎరిగినవారు తెలియజేయవలెను," అని చదివి కాగితం మడవబోతుండగా, వెనక చాప మీదినుంచి ఉన్నికోటు ఒకటి లేచి నిలబడింది.

"ఉన్నది. అభ్యంతరం ఉన్నది."

గుడి మొత్తం వెనక్కి తిరిగింది. ఆడవాళ్ల వైపు కూర్చున్న ఆరోగ్యమ్మ అతణ్ణి కిందినుంచి పైదాకా ఒకసారి చూసింది. ఆమె పక్కనున్న ముసలి ఇన్నాసమ్మ గుసగుసలాడుతున్నాననుకుని, "ఇంత మంచి కోటున్నోడు ఇన్నాళ్లూ యాడున్నాడే?" అని అందరికీ వినబడేటట్టు అడిగింది.

జోజప్పకు రక్తం తలకెక్కింది. "ఎవురయ్యా నువ్వు? ఆమెని నువ్వెప్పుడు జూశావ్?"

"ఆమెను నేను చూడలేదు," అన్నాడు భూషణరావు. "కప్పును చూశాను. ఈ రక్షిత కట్టడమునందు జనసమ్మర్దముతో కూడిన వివాహాది కార్యక్రమములు నిర్వహించుటకు పూర్వము, శీతకాలపు హిమ తొలగింపు ధ్రువపత్రము పొందవలసి యున్నది. పొందలేదు. హిమభారముచే కప్పు కూలినచో బాధ్యులెవరు?"

"ఇక్కడ మంచు పడదండీ," అన్నాడు ఫాదరుగారు. "నేను రాశాను కూడా."

"తమరు వ్రాసిన దానిని మండలి క్షుణ్ణముగా పరిశీలించినది. మంచు పడని చోట ఇంత వాలు కప్పు ఎందుకు కట్టెదరు? కట్టినవారు మంచు గురించి తెలిసినవారా, కారా?"

"తెలిసినవారేనండీ. చలిదేశం ఆయన."

"మరి తమరో?"

ఫాదరుగారు పుట్టి బుద్ధెరిగిన తర్వాత కళ్లారా చూసిన మంచల్లా సోడా బండి మీది ఐసు గడ్డే.

"ఇది గోతిక్ కప్పు," భూషణరావు వేళ్లు మడిచాడు. "గోతిక్ కప్పు మీద మంచు పడును. పడనిచో ఇది గోతిక్ కాదు. గోతిక్ కానిచో రక్షిత కట్టడము కాదు. రక్షిత కట్టడము కానిచో, అనుమతి లేక ఇంత ఎత్తు కట్టిన అక్రమ నిర్మాణము. దానికి వేరే శాఖ కలదు. వారి వద్ద యంత్రములు కూడా కలవు."

యంత్రాలనగానే జనమంతా తలలెత్తి కప్పు వైపు చూశారు.

"పోనీ, పడలేదని మీరే రాసుకోండి సారూ," అన్నాడు జోజప్ప దిగివచ్చి.

"పడలేదని వ్రాయుటకు గడి లేదు. ఎంత పడినది, ఎంత తీసినది, ఎప్పటికి కరిగినది, ఇవే గడులు. సున్నా వేసినచో తీయకుండా వదిలివేసినట్లు అర్థము వచ్చును." గొంతు తగ్గించి మామూలు మనిషిలా అన్నాడు: "నాకూ పైవాళ్లున్నారయ్యా. నేను వేసిన నాలుగు సున్నాలకి నాలుగు మెమోలు వచ్చినయ్యి."

ఆ మధ్యాహ్నమే గుడి తలుపులకు తాళం, తాళానికి సీలు పడ్డాయి. బూడిద బుధవారం ఎన్నో రోజుల్లో లేదు.

"గుడి ముందు పందిరేసుకుందాం, అందులో పెళ్లి చేసేస్తాను," అన్నాడు ఫాదరుగారు.

"ఒకసారి వసారాలో అయింది సామీ. ఇంకోసారి పందిట్లో కాను," అంది ఆరోగ్యమ్మ.

జోజప్ప ఆమె వెనకాలే ఇంటిదాకా వెళ్లాడు గాని లోపలికి వెళ్లడానికి చోటు లేదు. గుమ్మంలోనే చతికిలబడ్డాడు. ఆ ఇంట్లో ముందుగదిలో పత్తి, వెనకగదిలో పత్తి, అటక మీద పత్తి, మంచం కింద పత్తి. కొనుగోలు కేంద్రానికి రెండుసార్లు తోలుకెళితే, రెండుసార్లూ పొడుగు ఊచ ఉన్న మీటరు ఒకటి పత్తిలో గుచ్చి, దాని ముల్లు ఎర్రగీత దాటిందనీ తేమ ఎక్కువుందనీ వెనక్కి పంపేశారు. పెళ్లయినా పెళ్లికొడుకును ఎక్కడ పెట్టాలన్నది ఆ ఇంట్లో ఇంకా తేలని సంగతి.

"నా ఖర్మ గాకపోతే ఏందిది!" అని జోజప్ప తల పట్టుకున్నాడు. "ఇంతమంది పెళ్లిళ్లకి చేతులు బొబ్బలెక్కేటట్టు కొట్టా. నా పెళ్లికి మంచు అడ్డమొచ్చింది. మంచు! అది ఎట్టా ఉంటదో కూడా నాకు తెలవదే!"

ఆరోగ్యమ్మ చేతిలోకి ఒక పత్తి ఉండ తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఆ కోటాయన ఎప్పుడన్నా మంచు జూశాడా?"

"ఆయనెక్కడ జూస్తాడు? మనలాంటోడే. అమరావతి అవతలికి పోయిన మొహం కాదు."

"ఫాదరుగారు?"

"సినిమాల్లో."

"మరింకేం," అంది ఆరోగ్యమ్మ. "పా, నిచ్చెనలు పట్టుకురాపో."

ఫాదర్ బెన్నయ్యకు సంగతి తెలియగానే చెమటలు పోశాయి. "అబద్ధం ఆడటం పాపమమ్మా!"

"అబద్ధం ఎవురాడతన్నారు సామీ? పచ్చి పత్తిని ఎండకి ఆరబెట్టుకోటం పాపమా? ఇంట్లో చోటు లేక గుడి మీద ఆరేసుకుంటన్నా. అది మంచని మనం ఒక్కళ్లం కూడా అనొద్దు. అనేవాడు ఆయనే అంటాడు."

ఫాదరుగారు తనకు తెలిసిన పాపాల పట్టికంతా మనసులో తిరగేశాడు. పత్తి ఆరబెట్టడం అందులో ఎక్కడా కనిపించలేదు.

గురువారమంతా ఊరి మగవాళ్లు మోకులు కట్టుకుని కప్పెక్కారు. ఆ కప్పు కట్టిందే ఏదీ నిలవకుండా జారిపోవడానికి గదా, వేసిన పత్తి వేసినట్టే జారిపోయింది. కింద ఆడవాళ్లు బిందెలతో నీళ్లందిస్తే, తడిపి తడిపి పెంకులకు అంటించారు. తడిసిన పత్తి పట్టుకుని నిలబడింది. దూరంగా రోడ్డు మీద బస్సులో పోయేవాళ్లు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి, తమ కళ్లకేదో అయిందనుకుని మళ్లీ లోపలికి లాక్కున్నారు.

కప్పు ఒకసారి చూసిపొమ్మన్న కబురందుకుని, శుక్రవారం మధ్యాహ్నానికి భూషణరావు జీపు దిగాడు. గుడి వైపు తల ఎత్తాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు. కాలిపోతున్న ఎండలో గుడి కప్పు తెల్లగా మెరిసిపోతోంది.

"ఇది..." అన్నాడు.

ఫాదరుగారు జపమాల పట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు.

"ఇది ఎప్పటినుండి ఉన్నది?"

"నిన్నటి నుంచి సారూ," అంది ఆరోగ్యమ్మ. అక్షరాలా నిజం.

"తెల్లగా ఉన్నదే!"

"తెల్లగానే ఉంది సారూ."

భూషణరావు గోడ వారగా వెళ్లి, సరిగ్గా అమీను మొహాల కింద నిలబడి, తల బాగా పైకెత్తాడు. అప్పుడు పన్నెండయింది. మధ్యాహ్న జపానికి గంట కొట్టే వేళ. ఆకాశం విరిగి మీదపడినా ఆ వేళకు గంట మోగాల్సిందేనని జోజప్ప తండ్రి చెప్పిపోయాడు. గంటస్తంభానికి బయటినుంచి వేరే చిన్న తలుపుంది, దానికి సీలు పడలేదు. జోజప్ప తాడు పట్టుకుని, అయిదు రోజుల కోపమంతా చేతుల్లోకి తెచ్చుకుని లాగాడు.

గంటస్తంభం కప్పును ఆనుకునే ఉంటుంది. మొదటి దెబ్బకు పెంకులు గడగడలాడాయి. ఎండకు పైపైన ఆరిపోయిన పత్తి ఒక్కసారి పట్టు వదిలేసింది. మెత్తగా, బరువుగా, నిదానంగా కప్పంతా కిందికి బయలుదేరి, అమీన్ల తలల మీదుగా దూకి, ఉపసంచాలకుణ్ణి నిలువునా కప్పేసింది. పెద్దగడ్డం సాములారి కప్పు కట్టిన ఇన్నేళ్లకు మొదటిసారి తన పని తాను చేసింది.

"యేసు మరియ జోజి!" అని అరిచింది ఇన్నాసమ్మ.

నలుగురు పరుగెత్తి కుప్పలో చేతులు పెట్టి లాగారు. భూషణరావు బయటికి వచ్చాడు. ఉన్నికోటు నిండా, మీసాల నిండా, చెవుల నిండా తెలుపు. కొట్టేస్తాడేమోనని జోజప్ప రెండడుగులు వెనక్కి వేశాడు. ఆయన మాత్రం పెళ్లిపీటల మీది పెళ్లికొడుకులా వెలిగిపోతున్నాడు.

"హిమపాతము!" అన్నాడు. "కప్పు నుండి హిమము జారినది! నిర్మాణ ఉద్దేశము నెరవేరినది! నేనే ప్రత్యక్ష సాక్షిని! ఏ సెక్షనువాడు కాదనునో చూచెదను!" అంటూనే కోటు చెయ్యి తడిమి చూసుకుని సందేహపడ్డాడు. "కాని చల్లగా లేదే?"

"మా ఊళ్లో ఏదీ చల్లగా ఉండదు సారూ," అన్నాడు జోజప్ప.

అది న్యాయంగా తోచింది ఆయనకు. అయితే గ్రంథంలో ఇంకో నిబంధన ఉంది. తొలగించిన మంచును ప్రాంగణంలో కాపలా పెట్టి ఉంచాలి. అది పూర్తిగా కరిగిన తర్వాతే ధ్రువపత్రం. కరిగిందో లేదో నీటి పాళ్లు కొలిచి తేల్చాలి. మంచు కొలిచే మీటరు మండలి కొనలేదు. నీటి పాళ్లు కొలిచే మీటరు ఆ చుట్టుపక్కల ఒక్కటే ఉంది. భూషణరావు జీపు పంపి, దాన్ని కొనుగోలు కేంద్రం నుంచి అరువు తెప్పించాడు.

పొడుగు ఊచ చూడగానే ఆరోగ్యమ్మ కళ్లు చిట్లించింది. "ఇదే. ఈ ముండమీటరే నా పత్తిని రెండుసార్లు కాదంది."

ఊచ కుప్పలోకి దిగింది. మీటరు ముల్లు ఎర్రగీత దాటి చాలా దూరం పోయింది. నిన్నంతా బిందెలకొద్దీ పోశారాయె.

"పుష్కలముగా నీరున్నది. నిస్సందేహముగా మంచే," అని రాసుకున్నాడు భూషణరావు. "ముల్లు ఈ గీతకు దిగువకు వచ్చిననాడు కరిగినట్లు."

జోజప్పను మంచుకు కావలి పెట్టారు. ఇలాంటి కావలి ఏ పెళ్లికొడుకూ కాసి ఉండడు. పగలంతా పంగలకర్రతో కుప్పను తిరగేసి ఎండకు పరుస్తాడు. దారినపోయే ప్రతివాడూ ఆగి, "ఏం మామా, కరిగిందా?" అని అడగడమే. "నీ పెళ్లి కరక్కుండా చూసుకో మామా," అని ఇంకొకడు. జోజప్ప పళ్లు నూరుకుంటూ తిరగేసేవాడు. భూషణరావు ఫాదరుగారింట్లో మకాం పెట్టి, పూటపూటకూ కోటు గుండీలు పెట్టుకుని వచ్చి ఊచ గుచ్చి చూసేవాడు. ఆరోగ్యమ్మ పంపిన మజ్జిగ గటగటా తాగేవాడు. ముల్లు దిగుతూ వచ్చింది. అది దిగిన ప్రతిసారీ ఆయన, "శాస్త్రోక్తముగా కరుగుచున్నది," అనేవాడు. కుప్ప మాత్రం మనిషి ఎత్తున అట్లాగే ఉంది.

ఆదివారం సాయంత్రం దక్షిణాన మబ్బు పట్టింది. జోజప్ప పంగలకర్ర పక్కన పడేశాడు. వాన పడితే ముల్లు మళ్లీ మొదటికి వస్తుంది, తపస్సు కాలం వచ్చేస్తుంది, ఆరోగ్యమ్మ బుద్ధి మారిపోతుంది. టార్పాలిన్ పట్టుకుని పరుగెత్తుకొస్తే భూషణరావు చెయ్యి అడ్డం పెట్టాడు.

"మంచు మీద కప్పు వేయుటకు నిబంధన లేదు."

"సారూ, మీకు దణ్ణం పెడతా. తడుస్తది సారూ!"

"మంచు తడియుట ఏమయ్యా? మంచే నీరు గదా!"

జోజప్ప టార్పాలిన్ కింద పడేశాడు. సీలు వేసిన తలుపు ముందు మోకాళ్ల మీద పడి, పోయిన వస్తువులు వెతికిపెట్టే అంతోనివారిని, "తండ్రీ, ఉన్నదాన్ని పోనీకు, చాలు," అని వేడుకున్నాడు. నవ్వుకునేవాళ్లు నవ్వుకున్నారు గాని, పక్కనే ఆరోగ్యమ్మ కూడా కొంగు తలమీద వేసుకుని మోకరించడం చూసి నోళ్లు మూసుకున్నారు. మబ్బు ఊరి మీదుగా ఉరుముకుంటూ వెళ్లి, ఎక్కడో అవతల కురిసింది.

మంగళవారం వచ్చింది. తెల్లవారితే బూడిద బుధవారం. మధ్యాహ్నం భోజనం కాగానే భూషణరావు ఊచ గుచ్చాడు. ముల్లు ఎర్రగీతకు కిందికి వచ్చి ఆగింది. కుప్పకు నాలుగు వైపులా గుచ్చాడు. నాలుగు వైపులా అంతే.

"కరిగినది," అన్నాడు.

ఆయన ఎదురుగా మనిషి ఎత్తున తెల్లటి కుప్ప ఫెళఫెళమంటూ ఎండుతోంది. దాని వైపు ఆయన చూడలేదు. కుప్ప నీడలోనే కూర్చుని, హిమము సంపూర్ణముగా కరిగి ప్రాంగణము నిర్మలముగా ఉన్నదని రాసి సంతకం పెట్టాడు.

సంతకం ఆరీ ఆరకముందే ఆరోగ్యమ్మ తమ్ముడు చౌరప్ప ఎడ్లబండి తోలుకొచ్చాడు. మగవాళ్లు పత్తి తొక్కి తొక్కి బండికెత్తుతున్నారు. భూషణరావుకు అనుమానం వచ్చింది.

"ఆగండి, ఆగండి. ప్రాంగణము నుండి ఏమి తీసుకొని పోవుచున్నారు?"

"మీరే చెప్పండి సారూ," అంది ఆరోగ్యమ్మ. "ఈడ ఏముందని రాశారు?"

ఆయన తను రాసినదాన్ని మరోసారి చదువుకున్నాడు. బండి వైపు చూశాడు.

"ఏమియు లేదు," అన్నాడు.

"మరి ఏమీ లేనిదాన్నే తీసుకుపోతన్నాం."

"అట్లయినచో అభ్యంతరము లేదు. బండి ఎటు పోవును?"

"కొనుగోలు కేంద్రానికి."

"మంచిది. ఈ మీటరు కూడా వారికి అప్పగించవలెను. బండిలో పెట్టుకొనుము," అని దాన్ని తన చేతులతోనే పత్తి మీద పడుకోబెట్టాడు. సాయంత్రానికి చౌరప్ప ఖాళీ బండితో ఈలలు వేసుకుంటూ తిరిగొచ్చాడు. ఈసారి అదే ముల్లు కిక్కురుమనలేదట.

పొద్దు వాలుతుండగా గుడి తలుపులు తెరిచారు. పడమటి రంగుటద్దాల్లోంచి వెలుతురు నేలంతా నీలంగా, ఎర్రగా పరుచుకుంది. ఆరోగ్యమ్మ గడప దగ్గర నిలబడి కదల్లేదు.

"గంటేదీ?"

అందరూ జోజప్ప వైపు చూశారు. జోజప్ప పీఠం ముందు పట్టుపంచెతో నిలబడి ఉన్నాడు. తాడు గుడికి ఆ చివర ఉంది. ఇన్నేళ్లలో ఇంకొకరికి తాడు ఇచ్చినవాడు కాదు. ఇవ్వడానికి మనసొప్పక ఎవరికీ నేర్పలేదు. ఇప్పుడు తాడు దగ్గరికి పోతే పెళ్లికొడుకు ఉండడు, ఇక్కడ ఉంటే గంట ఉండదు. కళ్లు చెమ్మగిల్లి అట్లాగే నిలబడ్డాడు.

"గంట వాయించుటను గూర్చి," అని గొంతు వినబడింది, "గ్రంథమునందు ఏ నిబంధనయు లేదు."

తాడు పక్కన భూషణరావు ఉన్నాడు. ఉన్నికోటు విప్పి చంక కింద మడిచి పెట్టుకున్నాడు. చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. కోటు లేకుండా మనిషి బాగా సన్నగా కనిపించాడు.

"గట్టిగా పట్టుకోవాల సారూ!" అని గుడి ఈ చివరినుంచి కేక పెట్టాడు జోజప్ప. "అది పైకి లాగద్ది! వదలబాకండి!"

భూషణరావు బలం కొద్దీ లాగాడు. గంట మోగింది. ఆ ఊపుకు తాడు పైకి లేస్తే, తాడుతోపాటు ఉపసంచాలకుడూ లేచాడు. గాల్లో కాళ్లు తన్నుకుంటూ దిగాడు, మళ్లీ లేచాడు. ఏదో అరిచాడు గాని గంట మోతలో అది ఎవరికీ వినపడలేదు. ఆరోగ్యమ్మ గడప దాటింది. తొందరేమీ లేదన్నట్టు, గుడి నడిమధ్యన, మొనతేలిన వంపుల కింద, ఎర్ర వెలుతురూ నీలి వెలుతురూ తొక్కుకుంటూ నడిచింది. సగం దారిలో ఒకసారి ఆగి, చీపుర్లూ సున్నం డబ్బాలూ ఎక్కడా లేవని ఖాయం చేసుకుని మళ్లీ నడిచింది. జోజప్ప ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో ఆమెకు అర్థం కాలేదు. "కళ్లు తుడుచుకో, ఎబ్బెట్టుగా ఉంది," అని పక్కకు వచ్చి నిలబడింది.

విందులో భూషణరావును పెళ్లికొడుకు పక్కనే కూర్చోబెట్టారు. అరచేతులు రెండూ బొబ్బలెక్కి ఉంటే ఆరోగ్యమ్మ వెన్న పూసింది. ఆయన మాంసం కూర రెండుసార్లు వేయించుకుని, మూడోసారి వద్దని చెయ్యి అడ్డం పెట్టాక, కోటు జేబులోంచి కలం తీశాడు.

"అమ్మా, ఒక అధికారిక విషయము. ఈ ఏటి హిమము పైవారికి మిక్కిలి నచ్చును. వచ్చే ఏటికి ఇంతకన్నా ఎక్కువ లక్ష్యము విధించెదరు. ఎంత వ్రాసుకొనమందువు?"

ఆరోగ్యమ్మ జోజప్ప వైపు చూసింది. ఇప్పుడు ఇంట్లో మనిషికి చోటుంది. బయట చుక్కల వెలుతురులో గుడి కప్పు ఖాళీగా, నున్నగా ఉంది.

"అదంతా మన చేతుల్లో ఉందా సారూ," అంది. "వానలు వేళకి పడి, గులాబీ పురుగు తగలకుండా ఉంటే దిగుబడి బాగానే ఉంటది."

భూషణరావు ముఖం గంభీరమైపోయింది. మంచుకు పురుగు పట్టునను సంగతి తొమ్మిదో అధ్యాయంలో ఎక్కడా లేదు. విస్తరి పక్కకు జరిపి, వచ్చే శీతకాలం లోపుగా నల్లమిట్టపాలెం మంచుకు పురుగుమందు మంజూరు చేయవలసినదిగా అక్కడికక్కడే సిఫారసు రాసేశాడు.